ఈ సొరంగాలు ఎవరు తవ్వారు పెద్దమ్మా?



కార్తీకమాసం వచ్చిందంటే మన విశాఖపట్నం ఆడవాళ్ళకు రెండు పనులు తప్పవు. తెల్లవారకుండా లేచి దీపాలు పెట్టుకోవడం ఒకటి, ఏదో ఒక ఆదివారం పిల్లాపాపలతో వనభోజనాలకు పోవడం రెండోది. ఉసిరిచెట్టు నీడన నలుగురూ కలిసి తింటే పుణ్యమని పెద్దలన్నారు. పుణ్యం సంగతి ఎలా ఉన్నా, ఏడాది పొడుగునా పొయ్యి దగ్గర నిలబడే మనకు ఆ ఒక్కరోజు ఆకాశం కనిపిస్తుంది. అది మాత్రం నిజం.

మా వీధివాళ్ళం ఈ వనభోజనాలకు అరకు వెళ్ళే రైలు ఎక్కుతాం. పేరుకు అది కిరండూల్ పాసింజరు. కార్తీక ఆదివారాల్లో మాత్రం దాన్ని వనభోజనాల బండి అనే పిలవాలి. పెట్టె నిండా పులిహోర వాసన, చేగోడీల డబ్బాలు, పాటలు, అంత్యాక్షరి, ఏడ్చే పసిపిల్లలు, వాళ్ళను ఊరుకోబెట్టే అమ్మమ్మలు. పట్టాల మీద నడిచే పెళ్ళిల్లు అనుకోండి.

పోయిన కార్తీకంలో మా చెల్లెలి పిల్లలిద్దరూ సెలవులకని నా దగ్గరికి వచ్చారు. పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. ఇద్దరూ అంతకుముందు రైలు ఎక్కనివాళ్ళు కారు గాని, ఎక్కినదల్లా రాత్రి బండే. పడుకోవడం, లేవడం, దిగడం, అంతే. కొండెక్కే బండి ఎలా ఉంటుందో వాళ్ళకు చూపిద్దామని నాకు ఉబలాటం. నా చిన్నప్పుడు, అంటే నలభై ఏళ్ళ కిందట, మా అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ దారిన తీసుకువెళ్ళింది. మొదటి సొరంగంలో నేను కెవ్వుమంటే, "భయం లేదే, అరణ్యవాసంలో భీముడు గదతో కొట్టి చేసిన దారి ఇది" అని చెప్పింది. ఆ మాటతో నా భయం పోయింది. తరువాత సొరంగం వచ్చినప్పుడల్లా భీముడు కనిపిస్తాడేమోనని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఈసారి కూడా అలాగే అయింది. మూడు గంటలకే లేచి పులిహోర కలిపి, దద్దోజనం పోపు పెట్టి, పిల్లలకు స్వెట్టర్లు తొడిగి, ఏడు కొట్టకముందే స్టేషనులో ఉన్నాం. అరకు వెళ్ళేటప్పుడు కుడిచేతి వైపు కూర్చుంటే లోయలు బాగా కనిపిస్తాయని తెలిసినవాళ్ళం కాబట్టి, పరుగెత్తి అటువైపు బల్లలు పట్టుకున్నాం. దుప్పటి పరిచి, బుట్టలు సర్ది, మా వాళ్ళు ఎక్కేదాకా ఇంకొకరిని కూర్చోనివ్వలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీని సంగతి మళ్ళీ వస్తుంది.

సింహాచలం, పెందుర్తి దాటి కొత్తవలస వచ్చింది. అక్కడ హౌరా వైపు వెళ్ళే పెద్ద లైను ఒక దారిన పోతే మన బండి ఇంకో దారి పట్టింది. లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర వరకు అంతా మామూలు పల్లెటూరి దారే. పొలాలు, తాటిచెట్లు, చెరువులు. పిల్లలు విసుక్కున్నారు. శివలింగపురం దాటాక బండి నడక మారింది. ఇంజను నిండు చూలాలిలా ఆచితూచి కొండ ఎక్కసాగింది. ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ. అంతలో దభీమని చీకటి. పెట్టెలో ఉన్న వాళ్ళందరూ చిన్నా పెద్దా లేకుండా "ఓ" అని అరిచారు. మా చిన్నది నా మెడ పట్టుకుని బావురుమంది. పెద్దవాడు మాత్రం వెలుగులోకి రాగానే అడిగాడు: "ఈ సొరంగాలు ఎవరు తవ్వారు పెద్దమ్మా?"

నేను తడుముకోకుండా మా అమ్మ చెప్పిందే చెప్పాను: "భీముడు తవ్వాడు నాన్నా."

ఎవరో కిసుక్కున నవ్వారు. తలుపు పక్కన కింద కూర్చుని, ఉసిరికాయల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒక గిరిజన అవ్వ. అరవై దాటి ఉంటాయి. "ఏం అవ్వా, నవ్వుతున్నావు?" అన్నాను. "భీముడేటమ్మా! మా అయ్య తవ్వినాడు" అంది. తమ ఊళ్ళోవాళ్ళు ఎందరో ఈ కొండల్లో రాళ్ళు కొట్టడానికీ, మట్టి మోయడానికీ వచ్చారట. ఆమె అప్పటికి తల్లి కొంగు పట్టుకుని తిరిగే పిల్ల. "పేలుడుకి దడిసి మేం చెవులు మూసుకుని పండేవాళ్ళం. రైలొస్తాదంటే మనుషుల బండి వస్తాదనుకున్నాం. ముందుగాల వచ్చింది రాళ్ళ బండి" అంది. మావాడు కళ్ళు ఇంతింత చేసుకుని విన్నాడు. భీముడి కథకన్నా ఆ మాటే వాడికి నచ్చిందని వాడి మొహమే చెప్పింది.

నాకు మాత్రం సిగ్గు వేసింది. ఈ బండి నలభై ఏళ్ళుగా నాకు తెలుసుననుకున్నాను. తీరా చూస్తే దాని పుట్టుక గురించి ఒక్క ముక్క తెలియదు. ఇంటికి వచ్చాక చదివాను, రైల్వేలో పని చేసి రిటైరైన మా వీధి పెద్దాయనను అడిగాను. తెలుసుకున్నది మీతో చెబుదామనే ఈవేళ్టి ప్రసంగం.

అసలు సంగతి ఏమిటంటే, ఈ రైలుమార్గం మన కోసం వేసింది కాదు. అరకు అందాలు చూపించడానికి అంతకన్నా కాదు. ఇది ఇనుప రాయి కోసం వేసిన దారి.

బస్తరు అడవుల్లో బైలదిల్లా అనే కొండల వరుస ఉంది. ఆ పేరుకు ఎద్దు మూపురం అని అర్థం. దూరంనుంచి చూస్తే కొండ శిఖరాలు అలాగే ఉంటాయట. అప్పట్లో అది మధ్యప్రదేశ్, 2000 నుంచి ఛత్తీస్‌గఢ్. ఆ కొండల్లో మేలు రకం ఇనుప ఖనిజం ఉంది. 1934-35 ప్రాంతాల్లో భూగర్భ సర్వే శాఖకు చెందిన క్రూక్‌షాంక్ అనే ఆయన ఆ కొండలన్నీ తిరిగి, పటం గీసి, నిక్షేపాలకు 1 నుంచి 14 దాకా అంకెలు వేశాడు. కాని ఆ ఖనిజాన్ని బయటికి తెచ్చే దారి ఏదీ? చుట్టూ అడవి, నడుమ తూర్పు కనుమలు, అవతల ఎక్కడో సముద్రం. ఇంటి అటక మీద బంగారం ఉండి నిచ్చెన లేకపోతే ఏం లాభం?

ఆ నిచ్చెన వేయడానికి కారణం జపాను. యుద్ధంలో చితికిపోయిన జపాను మళ్ళీ నిలదొక్కుకుంటూ పెద్ద పెద్ద ఉక్కు కర్మాగారాలు పెట్టుకుంది. వాళ్ళ నేలలో చాలినంత ఇనుప రాయి లేదు. మన దగ్గర రాయి ఉంది, విదేశీ మారకం లేదు. 1960లో రెండు పక్షాలకూ ఒప్పందం కుదిరింది. బైలదిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు జపానుకు పంపాలి. పంపాలంటే రైలు కావాలి. దాంతో మూడు లైన్లు ఒకే పథకం కింద మొదలుపెట్టారు. దాని పేరు దండకారణ్య-బొలాంగీర్-కిరిబురు ప్రాజెక్టు. పొడుగు పేరు పలకలేక డీబీకే అన్నారు. ఆ మూడింటిలో కొత్తవలస నుంచి కిరండూల్ వరకు వేసినదే మన అరకు లైను. పొడవు సుమారు 450 కిలోమీటర్లు. ఆంధ్రలో మొదలై ఒరిస్సా మీదుగా బస్తరు చేరుతుంది.

మన సీతమ్మవారు వనవాసం చేసిన దండకారణ్యం పేరు ఒక రైలు పథకానికి పెట్టారు చూడండి. దానికి తగ్గట్టే ఉంది పని కూడా. పట్టాలు వేయడానికి ముందు సామాను మోసుకుపోవడానికి రోడ్లు కావాలి. రోడ్లు లేవు. ముందు అవి వేసుకోవాలి. ఈ కొండల్లో ఉండే రాయిని ఖొండలైటు అంటారు. ఇక్కడి కొండజాతి వారైన ఖోండుల పేరు మీదనే ఆ రాయికి ఆ పేరు వచ్చింది. పైకి బండలా కనిపిస్తుంది గాని ఎండకూ వానకూ నాని లోపల మెత్తబడి ఉంటుంది. తవ్వుతుంటే పైనుంచి కూలుతుంది. పైగా ఈ కనుమల్లో వానలు ఎలా కురుస్తాయో మీకు తెలియనిది కాదు. ఈనాటికీ వానాకాలంలో కొండచరియలు పట్టాల మీద పడి బళ్ళు ఆగిపోతుంటాయి. అన్నీ ఉన్న ఈ రోజుల్లోనే అలా ఉంటే, పలుగు, పార, తట్ట, మందుగుండు పట్టుకుని కొండకు ఎదురు నిలిచిన ఆనాటి కూలీల మాట ఏమనాలి?

రైలు అనేది మనలాగ నిటారుగా మెట్లెక్కలేదు. అరవై అడుగులు ముందుకు పోతే ఒక్క అడుగు పైకి లేవాలి, అంతకుమించి వాలు పనికిరాదు. అందుకని కొండను చుట్టుకుంటూ, వంపులు తిరుగుతూ, వాగు వస్తే వంతెన కట్టి, కొండ అడ్డం వస్తే తొలిచి వేశారు. ఈ మార్గంలో 58 సొరంగాలు, 84 వంతెనలు ఉన్నాయంటారు. బయలుదేరిన విశాఖపట్నం సముద్రం ఒడ్డు. నాలుగు గంటల్లో మనం చేరే శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్ల పైచిల్లర. పెద్ద పట్టాల లైన్లలో ఇంత ఎత్తున ఉన్న స్టేషను ఇంకొకటి లేదని అక్కడ బోర్డు మీద రాసి ఉండేది. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడిచాక ఆ ఘనత అటు పోయింది. పోతే పోయింది. మా పిల్లలు ఆ స్టేషనులో దిగి, చలికి వణుకుతూ, "మనం ఆకాశంలో ఉన్నామా పెద్దమ్మా?" అన్నప్పుడు వచ్చిన సంతోషం ఎక్కడికీ పోలేదు.

1966, 1968 సంవత్సరాల మధ్య లైను పూర్తయి ఖనిజం కదిలింది. 1968లో బైలదిల్లా 14వ నంబరు గని పని మొదలుపెట్టింది. అక్కడి రాయి ఈ సొరంగాల్లోంచి దిగి, 1933లో ప్రారంభమైన మన విశాఖ రేవుకు చేరి, ఓడలెక్కి జపాను పోయింది. పెద్ద ఓడలు లోపలి రేవులోకి రాలేకపోతే, 1976లో ఔటర్ హార్బరు సిద్ధమయింది. డీజిలు ఇంజన్లు లాగలేక ఆయాసపడుతుంటే 1980ల మొదట్లో కరెంటు తీగలు వేశారు. ఇలా ఈ లైనుకు చేసిన ప్రతి సేవా ఆ రాయి కోసమే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఇదే 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అంటూ మన రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అంటే ఒక పక్క మన రేవులోంచి ఇనుప రాయి ఓడలెక్కి పోయే ఏర్పాట్లు జరుగుతుంటే, ఇంకో పక్క మన బిడ్డలు మాకూ ఒక ఉక్కు కర్మాగారం పెట్టండని వీధుల్లోకి వచ్చారన్నమాట. 1971 జనవరిలో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేశారు. 1990లో మొదటి కొలిమి వెలిగింది, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అప్పుడు ఈ కొండల్లోంచి దిగే రాయి మన ఊళ్ళోనే కరిగి ఉక్కు కావడం మొదలయింది. ఈసారి విశాఖ ఉక్కుతో కట్టిన ఏ ఇల్లు చూసినా, ఏ వంతెన చూసినా, ఆ కమ్మీ ఒకనాడు మన వనభోజనాల దారినే వచ్చి ఉండవచ్చునని పిల్లలకు చెప్పండి.

మరి మన పాసింజరు? అది ఈ దారిలో అతిథి లాంటిది. చాలా కాలం ఇది ఒంటి లైను. ఎదురుగా రాళ్ళ బండి వస్తోందంటే చిమిడిపల్లి దగ్గరో, కరకవలస దగ్గరో మన బండి పక్కకు తప్పుకుని నిలబడవలసిందే. అలా ఆగినప్పుడల్లా "ఇదేం బండి, ఇదేం ఆగడం" అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు విసుక్కోను. దారి వేయించుకున్నవారు ముందు పోతారు, చూడవచ్చినవారు కాస్త ఆగాలి. అలా ఆగినప్పుడు మా పిల్లలతో ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లు లెక్కపెట్టించాను. యాభై దాకా వచ్చి ఇద్దరూ తప్పారు. లెక్కలు నేర్పడానికి అంతకన్నా మంచి బడి లేదు.

2017 ఏప్రిల్‌లో ఈ బండికి అద్దాల పెట్టె ఒకటి తగిలించారు. పైకప్పు కూడా అద్దమే. 40 సీట్లు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు. అంటే మన సరదా కోసం ఒక పెట్టె రావడానికి లైను పుట్టి దాదాపు అర్ధ శతాబ్దం పట్టిందన్నమాట. డబ్బున్నవాళ్ళు తప్పక ఎక్కండి. కాని చిన్న పిల్లలకు మామూలు పెట్టెలో, కిటికీ ఊచలకు ముక్కు ఆనించి చూడడంలో ఉన్న ఆనందం వేరు. బొర్రా గుహలు చూపించినప్పుడు, "ఇందాక మనం వచ్చిన పట్టాలు ఈ గుహల పైనున్న కొండ మీదే ఉన్నాయి, ఇక్కడే పుట్టిన గోస్తనీ నది మన భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది" అని చెప్పండి. వాళ్ళ చిన్న బుర్రల్లో కొండా, నదీ, సముద్రమూ, రైలూ ఒక్క ముడిగా పడిపోతాయి.

పసిపిల్లలతో వెళ్ళే తల్లులకు రెండు మూడు మాటలు. పిల్లలను తలుపు దగ్గరికి పోనివ్వకండి, సొరంగంలో చేతులు బయట పెట్టనివ్వకండి. గోడ చాలా దగ్గరగా ఉంటుంది. మంచినీళ్ళు ఇంటినుంచే పట్టుకెళ్ళండి. సొరంగం వచ్చే ముందే "ఇప్పుడు చీకటి వస్తుంది, అందరం అరుద్దాం" అని చెబితే పిల్లలు భయపడరు. తిరుగు బండి చీకటి పడ్డాక గాని ఊరు చేర్చదు, కాబట్టి రాత్రికి నాలుగు అన్నం ముద్దలు మిగుల్చుకోండి. తిన్న విస్తళ్ళు, ప్లాస్టిక్ సంచులు లోయలోకి విసరకండి. మనకది వనభోజనాల చోటు గాని, వాళ్ళకది ఇల్లు. మన ముంగిట్లో ఎవరైనా ఎంగిలాకు పారేస్తే ఊరుకుంటామా?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇదే. ఆ అవ్వ కింద ఎందుకు కూర్చుంది? బల్లలన్నీ మేం పట్టుకున్నాం కాబట్టి. ఆమెది సరదా ప్రయాణం కాదు. సంతకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా కొండల్లో వాళ్ళకు ఆ బండే దిక్కు. ఆమె తండ్రి రాళ్ళు మోసిన దారిలో, ఆమెకు కూర్చునే చోటు లేకుండా నా పులిహోర బుట్ట బల్లమీద కూర్చుంది. నేను గబగబా బుట్ట కిందకు దింపి, "ఇలా వచ్చి కూర్చో అవ్వా" అన్నాను. "ఉండనీ అమ్మా, వచ్చేశాను" అని మొహమాటపడింది. మా చిన్నది వెళ్ళి చెయ్యి పట్టుకు లాగింది. అప్పుడు వచ్చి బల్ల చివర ఒదిగి కూర్చుంది. పిల్లలకు తలా రెండు ఉసిరికాయలు పెట్టింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద తింటే పుణ్యమన్నారు గాని, ఆ ఉసిరికాయ తిన్నప్పుడు నాకు గొంతు దిగలేదు. కరకవలసలో ఆమె దిగిపోయింది. పేరు అడగాలన్న బుద్ధి నాకు అప్పుడు పుట్టలేదు. బండి కదిలాక మావాడే అడిగాడు: "వాళ్ళ నాన్న పేరేమిటి పెద్దమ్మా?" నా దగ్గర జవాబు లేదు.

అరకు చేరాం. లోయంతా పచ్చటి వలిసెపూలు. తిన్నాం, ఆడాం, పాడాం. తిరిగి వచ్చేటప్పుడు చీకటిలో మళ్ళీ సొరంగాలు వచ్చాయి. ఈసారి చిన్నది ఏడవలేదు. నా చెవిలో, "ఇది కూడా అవ్వ వాళ్ళ నాన్నే తవ్వాడా?" అంది. "అవునమ్మా, ఆయనా, ఆయనలాంటి వేలమందీ" అన్నాను.

మా అమ్మ చెప్పిన భీముడి కథ తప్పని నేను అనను. ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి తల్లికి ఆ హక్కు ఉంది. కాని పిల్లలు మనమనుకున్నంత చిన్నవాళ్ళు కారు. నిజం చెబితే వాళ్ళ సరదా తగ్గదు, సొరంగం ఇంకా పెద్దదవుతుంది. ఈ కార్తీకంలో మీరూ పిల్లలతో ఆ బండి ఎక్కితే, వాళ్ళు తప్పకుండా అడిగే ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళండి. బల్లమీద ఒక మనిషికి చోటు కూడా ఉంచండి. నేను కూడా వెళుతున్నాను. ఆ అవ్వ కనిపిస్తే ఈసారి ముందు పేరే అడుగుతాను.

సెలవు.